కుళ్ళిన పండుకు బాధ్యులెవరు?



ఈనాటి ప్రసంగం మనందరికీ తెలిసిన ఒక పండు గురించి. బళ్ళారి, పావగడ వైపు ఉన్న మనవాళ్ళు దాన్ని చీనీకాయ అంటారు. యానాం వైపు బత్తాయి అంటారు. తొక్క వదులుగా ఉండే దాని దగ్గరి చుట్టాన్ని నాగపూర్, చంద్రపూర్‌లలో స్థిరపడిన తెలుగువారు సంత్రా అంటారు. బరంపురం, పర్లాకిమిడి వైపు అదే కమలా. పేరు ఏదైనా ఈ నిమ్మజాతి పండ్లన్నిటికీ ఒక బెడద ఉంది. చెట్టు నుంచి దించిననాడు నిగనిగలాడిన కాయ నాలుగైదు రోజులకు ఒకచోట మెత్తబడుతుంది. ఆ మెత్తని చోట తెల్లని బూజు వస్తుంది. తెలుపు నడుమ ఆకుపచ్చని పొడి లేస్తుంది. ఆపైన ఆ కాయ మీద చెయ్యి పెట్టలేం.

మండీలో సరుకు దించినప్పుడు ఇలాంటి కాయలు కనిపిస్తే తగువు మొదలవుతుంది. రైతు లారీ ఆలస్యాన్ని తప్పు పడతాడు. లారీ యజమాని ఎండను తప్పు పడతాడు. వ్యాపారి కాయలోనే లోపం ఉందంటాడు. చివరకు నష్టం ఎవరి లెక్కలో పడుతుందో మీకు తెలియనిది కాదు. నూట ఇరవై ఏళ్ళ కిందట అమెరికాలోని కాలిఫోర్నియాలోనూ సరిగ్గా ఇదే తగువు జరిగింది. అక్కడ దాన్ని తేల్చడానికి ఒక శాస్త్రజ్ఞుడు తోటలోకి వెళ్ళి, కోత కోసే చేతులను గమనించాడు. ఆయన కనుక్కున్నదేమిటి, ఆ తర్వాత నూరేళ్ళలో ఈ బూజుతో మనిషి ఎలా పోరాడాడు అన్నది ఇవాళ చెప్పుకుందాం.

ముందుగా ఈ బూజు సంగతి. ఆకుపచ్చ బూజును శాస్త్రజ్ఞులు పెనిసిలియం డిజిటేటమ్ అంటారు. నీలిరంగు బూజు పెనిసిలియం ఇటాలికమ్. పెనిసిలిన్ మందును మనకిచ్చిన బూజు కూడా ఈ కుటుంబంలోదే. ఒక్క కుళ్ళిన కాయ మీద కోట్ల సంఖ్యలో బీజకణాలు తయారవుతాయి. అవి పొడిలా గాలిలో తేలి తోటలో, గోదాములో, గంపల్లో, లారీ చెక్కల మీద అంతటా పరుచుకుంటాయి. కాబట్టి బూజు విత్తనం తగలని కాయంటూ మన చేతికి రాదు. అయినా అన్ని కాయలూ కుళ్ళవు. ఎందుకని?

ఆకుపచ్చ బూజుకు నిండు తొక్కను చీల్చుకుని లోపలికి పోయే శక్తి లేదు. దానికి ఒక దారి కావాలి. ఆ దారి గాయం. నిమ్మజాతి తొక్కలో సన్నని నూనె తిత్తులుంటాయి. చీనీ తొక్కను వేళ్ళతో వంచితే కళ్ళలోకి చిమ్మేది ఆ నూనే. గోరు గీరినా, ముల్లు గుచ్చినా, ఇసుక రాయి ఒత్తినా ఆ తిత్తులు పగులుతాయి. వాటితోపాటు కాస్త తేమ, కాస్త చక్కెర బయటికి వస్తాయి. గాయపడిన తొక్క నుంచి వచ్చే ఆ సువాసన ద్రవ్యాలే బూజు విత్తనం మొలకెత్తడానికి ప్రేరణ ఇస్తాయని 1994లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు నిరూపించారు. మనకు కమ్మగా తోచే వాసన బూజుకు పిలుపు అన్నమాట. ఓ మోస్తరు వెచ్చని వాతావరణంలో రెండు రోజులు గడిస్తే ఆ మొలక తొక్క లోపల వేళ్ళూనుకుంటుంది. ఆ తర్వాత పైపైన ఎన్ని మందులు పూసినా ప్రయోజనం తక్కువ.

ఇక కథలోకి వద్దాం. బ్రెజిల్‌లోని బహియా ప్రాంతం నుంచి గింజలు లేని ఒక నారింజ రకం వాషింగ్టన్‌కు వచ్చింది. అక్కడి వ్యవసాయ శాఖ 1873లో దాని అంటుమొక్కలను కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో ఎలైజా టిబెట్స్ అనే ఆమెకు పంపింది. వాషింగ్టన్ నేవల్ అనే ఆ రకం కాలిఫోర్నియా దక్షిణ భాగాన్ని నారింజ తోటలతో నింపేసింది. 1877లో లాస్ ఏంజెలెస్‌లోని వూల్ఫ్‌స్కిల్ తోట నుంచి మొదటిసారిగా ఒక పూర్తి రైలు పెట్టెడు నారింజలు సెయింట్ లూయిస్ నగరానికి బయలుదేరాయి. తర్వాత మంచుగడ్డలతో చల్లబరిచే రైలు పెట్టెలు వచ్చాయి. ఎడారులు, పర్వతాలు దాటి న్యూయార్క్ దాకా పండు వెళ్ళసాగింది.

వెళ్ళింది గానీ, కుళ్ళుతూ వెళ్ళింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సంవత్సరాల్లో ఈ కుళ్ళు వల్ల రైతులకు ఏటా లక్షల డాలర్ల నష్టం వచ్చేది. రైతులంతా రైల్వే కంపెనీల మీద విరుచుకుపడ్డారు. రైళ్ళు ఆలస్యమవుతున్నాయనీ, మంచు సరిగా నింపడం లేదనీ ఫిర్యాదులు చేశారు. కుళ్ళు నేలలోనే ఉందనీ, ఎరువుల్లో ఉందనీ అన్నవాళ్ళు కూడా లేకపోలేదు.

1904లో అమెరికా వ్యవసాయ శాఖ జి. హెరాల్డ్ పవెల్ అనే పండ్ల శాస్త్రజ్ఞుణ్ణి కాలిఫోర్నియాకు పంపింది. ఆయన, ఆయన సహచరులు తోటల్లో, పండ్లు సర్దే షెడ్లలో కొన్ని కోతకాలాలు గడిపారు. వారి పద్ధతి తేలికగా అర్థమయ్యేది. ఒకే తోట కాయల్లో కొన్నిటిని కూలీలు మామూలుగా కోసి, మామూలుగా సర్దిన తీరులోనే ఉంచారు. కొన్నిటిని తామే దగ్గరుండి ఒక్క గీత పడకుండా కోయించి సర్దించారు. రెండు రకాల పెట్టెలనూ రైళ్ళలో తూర్పు తీరానికి పంపి, చేరినచోట విప్పి కుళ్ళిన కాయలను లెక్కపెట్టారు. జాగ్రత్తగా దించిన కాయలు చాలావరకు చెక్కుచెదరకుండా చేరాయి. మామూలుగా దించినవాటిలో కుళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. రైలు అదే, మంచు అదే, దూరం అదే. తేడా చేతిలో ఉంది.

ఆ చేతి తేడా ఏమిటో కూడా పవెల్ బృందం కాయలను ఒక్కొక్కటిగా పరీక్షించి విడమరచి చెప్పింది. కోత కత్తెర మొన కాయకు తగిలి చిన్న కోత పడుతోంది. తొడిమ పొడుగ్గా మిగిలిపోతే అది పక్క కాయను పొడుస్తోంది. గోళ్ళు గీరుతున్నాయి. పెట్టె అడుగున చేరిన ఇసుక, పుల్లలు ఒత్తుతున్నాయి. ఎత్తు నుంచి గుమ్మరిస్తే కాయలు కమిలిపోతున్నాయి. ఇందులో చాలా గాయాలు కంటికి ఆనవు. కోసిననాడు చూస్తే కాయ చక్కగానే ఉంటుంది.

శ్రోతలారా, ఇక్కడొక ముఖ్యమైన విషయం గమనించండి. అప్పట్లో ఆ తోటల్లో కోత కోసినవారిలో చాలామంది జపాన్ నుంచి, అంతకుముందు చైనా నుంచి వలస వచ్చిన పేద కూలీలు. తప్పంతా వాళ్ళదేనని తీర్మానించడం ఎంతో తేలిక. కానీ విషయాన్ని లోతుగా చూస్తే కూలి కట్టే పద్ధతే కనిపించింది. ఎన్ని పెట్టెలు నింపితే అంత కూలి అన్నప్పుడు ఎవరైనా తొందరపడతారు. కాయను పట్టి లాగుతారు, కత్తెర ఎటు తగిలిందో చూసుకోరు. నిదానంగా, జాగ్రత్తగా కోసేవాడికి సాయంత్రానికి కూలి తగ్గుతుంది. అంటే మంచి పనికి జరిమానా, చెడ్డ పనికి బహుమానం. అందుకే పెట్టెల లెక్క మాని రోజుకూలి ఇచ్చి కోయించాలనీ, దగ్గరుండి పని చూసుకోవాలనీ ఆ పరిశోధనల నుంచి తేలింది. రైతు సంఘాలు క్రమంగా కోత పనిని తమ చేతిలోకి తీసుకున్నాయి. మొన మొద్దుగా ఉండే కత్తెరలు వచ్చాయి. కూలీల చేతులకు తొడుగులు వచ్చాయి. కాయలను గుమ్మరించే పని లేకుండా, అడుగు తెరిస్తే మెల్లగా జారే కోత సంచులు వచ్చాయి.

పవెల్ నివేదిక 1908లో వ్యవసాయ శాఖ ప్రచురణగా వెలువడింది. మీ కుళ్ళుకు కారణం రైల్వే కాదు, మీ తోట, మీ షెడ్డు అని చెప్పిన మనిషి మీద రైతులు కోపగించుకోవాలి. కానీ వారు అతన్నే పిలిచి తమ సంఘానికి పెద్దను చేశారు. సన్‌కిస్ట్ అనే పేరుతో పండ్లు అమ్మిన కాలిఫోర్నియా ఫ్రూట్ గ్రోయర్స్ ఎక్స్‌ఛేంజి అనే సహకార సంఘానికి 1912 నుంచి, 1922లో చనిపోయేదాకా పవెలే జనరల్ మేనేజరు.

అన్ని కుళ్ళులూ గాయం నుంచే వస్తాయని అనుకోకూడదు. అదే కాలిఫోర్నియాలో నిమ్మకాయలకు గోధుమరంగు కుళ్ళు సోకింది. అది గాయంలేని కాయనూ పట్టింది. 1906లో రాల్ఫ్ స్మిత్, ఎలిజబెత్ స్మిత్ అనే శాస్త్రజ్ఞులు దాని కారణాన్ని గుర్తించారు. ఈనాడు ఫైటోఫ్తోరా అని పిలిచే ఆ సూక్ష్మజీవి నేలలో ఉంటుంది. వాన చినుకులతో చిట్లిన మట్టి కింది కొమ్మల కాయలకు అంటుకుంటుంది. అలాంటి ఒక్క కాయ కడుగుడు తొట్టిలో పడితే, ఆ నీళ్ళే వేలాది మంచి కాయలకు రోగం అంటిస్తాయి. శుభ్రం చేయడానికి పెట్టిన తొట్టే రోగాల పుట్ట అయిందన్నమాట. తొట్టి నీళ్ళలో మైలుతుత్తం కలిపి దాన్ని అదుపు చేశారు. మన వంటి వెచ్చని తేమ ప్రాంతాల్లో తొడిమ దగ్గర మొదలయ్యే మరో కుళ్ళు ఉంది. దాని శిలీంధ్రం చెట్టు మీద ఉన్నప్పుడే తొడిమలో చేరి, కోసిన తర్వాత లోపలికి దిగుతుంది. ఎండుపుల్లలను కత్తిరించి తోటను శుభ్రంగా ఉంచడమే దానికి మొదటి మందు.

ఇప్పుడు మందుల చరిత్ర చూద్దాం. 1920ల్లో బోరాక్స్ వచ్చింది. మనం వెలిగారం అంటాం. వెచ్చని వెలిగారం నీళ్ళలో కాయలను ముంచి తీస్తే బూజు బాగా తగ్గుతుందని అమెరికా శాస్త్రజ్ఞులు ఆ దశాబ్దం మధ్యలో ప్రకటించారు. బ్రాగ్‌డెక్స్ అనే కంపెనీ ఈ పద్ధతికే కాక, వెలిగారం పట్టిన పండుకు కూడా పేటెంటు పొందింది. ఆ వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1931లో కోర్టు తీర్పు చెప్పింది: తొక్కకు వెలిగారం పట్టించినంత మాత్రాన నారింజ కొత్త వస్తువు కాదు, దాని పేరు, రూపు, ఉపయోగం మునుపటివే. పండు ప్రకృతి ఇచ్చినదా, మనిషి చేసినదా అనే ప్రశ్నకు ఒక కుళ్ళు మందు వల్ల సమాధానం దొరకడం చిత్రమే.

1930ల మధ్యలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో టామ్‌కిన్స్ అనే శాస్త్రజ్ఞుడు పండు చుట్టే కాగితానికే మందు పట్టించాడు. బైఫినైల్ అనే ఆ పదార్థపు ఆవిరి పెట్టె లోపల బూజును పొడి రాల్చకుండా ఆపింది. నెల రోజుల ఓడ ప్రయాణాలకు అది వరంలా తోచింది. అయితే పండుకు ఆ వాసన అంటుకునేది. పైగా ఆ మందుకు లొంగని బూజు రకాలు 1950ల చివరికే బయటపడ్డాయి. ఈ శతాబ్దం మొదట్లో యూరపు దేశాలు దాన్ని అనుమతించిన పదార్థాల జాబితా నుంచే తీసేశాయి.

1960ల చివర థయాబెండజోల్ వచ్చింది. కొద్దిపాటి మోతాదులోనే బూజును అణచివేసేది. నాలుగైదేళ్ళు తిరగకముందే దానికీ లొంగని బూజు కనిపించింది. మన దేశంలో తోటల్లో విరివిగా చల్లిన కార్బెండజిమ్ కూడా ఆ కోవకు చెందిన మందే. 1980ల్లో ఇమజలిల్ వచ్చింది. ఆ దశాబ్దం ముగిసేలోగా దానికి తట్టుకునే బూజును కాలిఫోర్నియా షెడ్లలో జోసెఫ్ ఎకర్ట్ వంటి శాస్త్రజ్ఞులు గుర్తించారు.

ఇలా ఎందుకు జరుగుతుంది? కోట్ల కొద్దీ విత్తనాల్లో ఏ ఒకటి రెండో పుట్టుకతోనే మందును తట్టుకోగలవు. మందు మిగతావాటిని చంపి వాటికి చోటు ఖాళీ చేసిపెడుతుంది. షెడ్డులో కుళ్ళిన కాయలను తీసేయకుండా, అదే మందు పదే పదే వాడితే కొద్ది కాలంలోనే షెడ్డంతా ఆ మొండి సంతానంతో నిండుతుంది. అంటే మందు పనిచేయాలన్నా శుభ్రత ఉండాలి. మందులకు పూర్తిగా వ్యతిరేకంగా మాట్లాడటం నా ఉద్దేశం కాదు. దూరదేశాలకు పండు పంపేవారు ఈనాటికీ వాటిని మితంగా, మార్చి మార్చి వాడుతున్నారు. కానీ ఏ మందూ జాగ్రత్తకు బదులు కాలేకపోయింది.

మందు లేని మార్గాలు కూడా వెతికారు. 1980ల్లో అమెరికాకు చెందిన చార్లెస్ విల్సన్, ఇజ్రాయెల్‌కు చెందిన ఎడో చలుట్జ్ ఒక విశేషం గమనించారు. బాగా కడిగి ఆరబెట్టిన కాయలే కడగనివాటికన్నా ఎక్కువగా కుళ్ళాయి. తొక్క మీద కాపురముండే మేలు చేసే ఈస్టులు, సూక్ష్మజీవులు కడుగుడుతో కొట్టుకుపోవడమే కారణం. ఆ మేలు ఈస్టునే పెంచి 1995లో అమెరికాలో అమ్మకానికి తెచ్చారు. అది మందులంత నికరంగా పనిచేయక తర్వాత మార్కెట్లో నిలవలేదు గానీ, ఆ దారిలో పరిశోధన ఆగలేదు. 1920ల్లోనే ప్రయత్నించి పక్కన పెట్టిన వంటసోడా నీళ్ళు 1990ల్లో మళ్ళీ పరిశోధనకు వచ్చాయి. వెచ్చని, తేమగా ఉండే గదిలో ఒకటి రెండు రోజులు ఉంచితే కాయ తన చిన్న గాయాన్ని తానే మాన్పుకుంటుందని కూడా తేలింది. కోసిన తర్వాత కూడా పండు ప్రాణం ఉన్నదే. గాయం చుట్టూ గట్టి పొర కట్టుకోగలదు. కాస్త వ్యవధి మనం ఇవ్వాలి.

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. అనంతపురం, కడప, నల్లగొండ జిల్లాల్లో చీనీ తోటలు, గూడూరు వైపు నిమ్మతోటలు, సరిహద్దుకు అవతల నాగపూర్ సంత్రా తోటలు ఉన్నాయి. మనలో కొందరు ఆ తోటల యజమానులు, కొందరు కోత కూలీలు, కొందరు లారీ నడిపేవారు, మరికొందరు బండి మీద పెట్టి అమ్ముకునేవారు. చాలాచోట్ల తోటను చెట్టు మీద ఉండగానే గుత్తకు కొంటారు. కొన్నవాడు తొందరగా దించి తరలించాలని చూస్తాడు. కాయను కత్తెరతో కోయకుండా చేత్తో పట్టి గుంజడం, కర్రతో రాల్చడం, నేల మీద కుప్ప పోయడం, లారీలో వదులుగా నింపి పైన కూర్చోవడం, ఇవన్నీ మీరు చూసినవే. ఆ తర్వాత మండీలో కుళ్ళు, తరుగు పేరిట తూకంలో కోత పెడతారు. కొన్ని మార్కెట్లలో దీన్ని సూటు అంటారు. దీని మీద రైతులు ఎన్నోసార్లు గోడు వెళ్ళబోసుకున్నారు.

ఇక్కడే పవెల్ కథ మనకు పనికొస్తుంది. గాయం చేసేది ఒకచోట, కుళ్ళు కనిపించేది మరోచోట, నష్టం భరించేది ఇంకొకరు. కోతలో తొందరపెట్టినవాడికి నష్టం లేకపోతే అతనికి జాగ్రత్త అవసరం లేదు. జాగ్రత్తగా కోసిన కూలికి పైసా ఎక్కువ రాకపోతే ఆ జాగ్రత్త నిలవదు. బాగా దించిన సరుకుకూ, గుంజి దించిన సరుకుకూ మండీలో ఒకే తరుగు తీస్తే రైతు మాత్రం ఎందుకు శ్రమపడాలి? కాలిఫోర్నియా రైతులు తమ సంఘం ద్వారా కోత, సర్దుడు, అమ్మకం మూడింటినీ ఒకే చేతి కింద పెట్టుకున్నారు కనుకనే శాస్త్రం చెప్పిన మాట ఆచరణలోకి వచ్చింది. వారి దగ్గర పెద్ద పెట్టుబడి ఉంది, మన కమతాలు చిన్నవి అని మీరనవచ్చు. నిజమే. కానీ పది మంది రైతులు కలిసి ఒక కోత బృందాన్ని పెట్టుకోవడానికి, వారికి రోజుకూలి, మంచి కత్తెరలు ఇవ్వడానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు.

తోట ఉన్నవారు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి. మంచు తడి ఆరిన తర్వాతే కోత మొదలుపెట్టండి; తడి మీద తొక్క బిగిసి ఉండి, కాస్త ఒత్తిడికే నూనె తిత్తులు పగులుతాయి. ముందు కాడతో సహా కోసి, తర్వాత తొడిమను కాయకు సమంగా కత్తిరించండి. గోళ్ళు కత్తిరించుకోండి, గంప అడుగున ఇసుక, పుల్లలు లేకుండా చూడండి, కాయను విసరకండి. నేలను తాకిన కాయను, రాలిన కాయను మంచి కాయల్లో కలపకండి. కుళ్ళిన కాయలను షెడ్డు పక్కనే పారేయకుండా దూరంగా పూడ్చిపెట్టండి.

కొనుక్కునేవారికి ఒక మాట. ఒక కుళ్ళిన పండు గంపనంతా పాడుచేస్తుందంటారు. నీలి బూజు విషయంలో అది నిజం; అది ఆనుకున్న కాయకు పాకుతుంది. ఆకుపచ్చ బూజు మాత్రం గాయం లేని పక్క కాయలోకి సాధారణంగా పోలేదు, పైన పొడి రాలుస్తుందంతే. కుళ్ళినదాన్ని మెల్లగా తీసేసి, తక్కినవాటిని కడిగి తుడిచి త్వరగా వాడుకోవచ్చు.

నూట ఇరవై ఏళ్ళలో ఎన్నో మందులు వచ్చాయి, కొన్ని వెళ్ళిపోయాయి. పవెల్ తోటలో నిలబడి చెప్పిన మాట మాత్రం ఏ ప్రయోగశాలా తోసిపుచ్చలేదు. ఈసారి మండీలో కుళ్ళు మాట వచ్చినప్పుడు, ఈ కాయను ఎవరు కోశారు, వారికి కూలి ఏ లెక్కన ఇచ్చారు అని కూడా అడగండి. అది రైతు అడగవలసిన ప్రశ్న, కూలీ అడగవలసిన ప్రశ్న, తరుగు తీసే వ్యాపారి జవాబు చెప్పవలసిన ప్రశ్న.